అమ్మ కాలి ఉబ్బు నరాలకు లేజరా, ఆర్ఎఫ్ఏనా, గ్లూనా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. అమ్మగారికి 54 ఏళ్లు. మారతహళ్లిలో మీరు నడిపే పీజీలో పదేళ్లుగా వంటంతా ఆమె చేతి మీదే. ఎడమ కాలికి తొడ లోపలి వైపు నుంచి పిక్క దాకా నరాలు మెలికలు తిరిగి ఉబ్బాయి. సాయంత్రానికి కాలు బరువెక్కుతోంది. ఆర్నెల్లుగా చీలమండ పైన చర్మం నల్లబడి దురద పెడుతోంది. షుగర్ ఉంది, మాత్రలతో అదుపులోనే ఉంది. మూడు ఆసుపత్రులు తిరిగారు, మూడు చోట్లా స్కాన్ చేసి ఎస్టిమేట్ ఇచ్చారు. ఒకరు లేజర్ అన్నారు, ఒకరు ఆర్ఎఫ్ఏ (రేడియో తరంగాల వేడితో మూసే పద్ధతి) అన్నారు, ఇంకొకరు గ్లూ (జిగురుతో అతికించడం) పెట్టిస్తే మధ్యాహ్నానికల్లా ఇంటికెళ్లొచ్చన్నారు. కనిగిరిలో ఉన్న మీ మామయ్యేమో ఇంజెక్షన్‌తో పోయేదానికి ఇంత ఖర్చెందుకన్నారు. ఏది మంచిది, మళ్లీ వస్తాయా, ఎన్నాళ్లకు పొయ్యి దగ్గర నిలబడొచ్చు అన్నవి మీ ప్రశ్నలు.

మాది అనంతపురం. బెంగళూరులో రక్తనాళాల సర్జన్‌గా 17 ఏళ్లుగా పనిచేస్తున్నాను. మీ అమ్మగారి లాంటి కాళ్లు వారానికి పదైనా చూస్తాను. హోటల్ వంటవాళ్లు, టీచర్లు, బట్టల కొట్ల సేల్స్‌మన్లు, సెక్యూరిటీ గార్డులు... నిలబడి బతికేవాళ్లంతా ఏదో ఒక రోజు ఈ గుమ్మం ఎక్కుతారు.

ముందు జవాబు చెప్పేస్తాను. రక్తం ఎటు పారుతోందో చూపే డాప్లర్ స్కాన్‌లో తొడ లోపలి ప్రధాన సిర (వెయిన్) గజ్జ దగ్గర నుంచే లీకవుతోందని, అంటే రక్తం వెనక్కి పారుతోందని తేలితే ఆర్ఎఫ్ఏ గానీ, 1470 నానోమీటర్ లేజర్ గానీ చేయించండి. ఈ రెండింటిలో ఏదన్నది పెద్ద విషయం కాదు. మీకు చేసే డాక్టరుకు ఏది బాగా అలవాటో అదే మంచిది. పిక్క మీద కనబడే మెలికలను అదే రోజు చిన్న గాట్లతో తీసేయమనండి. గ్లూ చెడ్డదేమీ కాదు, కానీ మీ అమ్మగారికి దానివల్ల అదనంగా ఒరిగేది తక్కువ, ఖర్చు ఎక్కువ. ఒక్క ఇంజెక్షన్‌తో అంత పెద్ద సిరను మూసేయాలని నేనైతే చూడను. మరి ఏమీ చేయించకుండా ఉండొచ్చా అంటే, చర్మం నల్లబడక ముందైతే సరే అనేవాణ్ని. ఆ దశ దాటిపోయింది. మేము కాలి సిరల జబ్బును 0 నుంచి 6 దాకా మెట్లుగా చూస్తాం. ఉత్త ఉబ్బు నరాలు 2వ మెట్టు, వాపు 3, చర్మం రంగు మారి దురద పెట్టడం 4. 5 అంటే మానిన పుండు, 6 అంటే మానని పుండు. అమ్మగారు నాలుగో మెట్టు మీదున్నారు. షుగర్ ఉన్న మనిషికి పుండు పడేదాకా ఆగడం తెలివైన పని కాదు.

ఇక వివరంగా చెప్తాను.

మన భాషలో ఒక చిక్కుంది. నెర్వ్‌నీ నరమే అంటాం, వెయిన్‌నీ నరమే అంటాం. ‘నరాలు ఉబ్బాయి’ అనగానే ఎవరో ‘నరాల డాక్టరు’ దగ్గరికి పంపిస్తారు. అక్కడ బీ12 మాత్రలు రాయించుకుని రెండేళ్లు వాడి నా దగ్గరికి వచ్చినవాళ్లు ఎంతమందో. ఉబ్బింది నెర్వ్ కాదు, చెడు రక్తాన్ని గుండెకు తిరిగి తీసుకెళ్లే సిర. నేనిక్కడ సిర అనే రాస్తాను.

పీజీ నడిపేవాళ్లు కాబట్టి మీకు సులువుగా అర్థమయ్యేలా చెప్పొచ్చు. సంపులోంచి పై ట్యాంకుకు నీళ్లు ఎక్కించే పైపులో నాన్-రిటర్న్ వాల్వ్ ఉంటుంది కదా. అది పాడైతే మోటారు ఆపగానే నీళ్లన్నీ వెనక్కి దిగిపోతాయి. కాలి సిరల్లోనూ అడుగడుగునా అలాంటి కవాటాలే ఉంటాయి. మోటారు మన పిక్క కండరం. నడిచినప్పుడల్లా అది పిండుతుంది, రక్తం పైకెక్కుతుంది. నిలబడే ఉంటే మోటారు తిరగదు, రక్తం బరువంతా కవాటాల మీదే పడుతుంది. తల్లిదండ్రుల నుంచి వచ్చిన సిర గోడల బలహీనత, కాన్పులు, ఒళ్లు, వయసు, వీటికి తోడు రోజుకు పది గంటలు పొయ్యి ముందు నిలబడటం. గజ్జ దగ్గరి పెద్ద కవాటం వదులైందంటే కిందివి ఒకదాని తర్వాత ఒకటి తప్పుకుంటాయి. పిక్క మీద మీకు కనబడే మెలికలు ఆ లీకు నీళ్లు నిలిచిన గుంటల్లాంటివి. గుంట పూడ్చి పైపు వదిలేస్తే ఏమవుతుందో మీకు తెలుసు.

అందుకే ఏ మిషన్ అన్నదానికన్నా ముందు అడగాల్సింది లీకు ఎక్కడుంది అని. అది తేల్చేది డాప్లర్ స్కాన్. ఆ స్కాన్ ఎలా చేశారన్నదాని మీదే సగం ఫలితం ఆధారపడి ఉంటుంది. నిలబెట్టి చేయాలి. పడుకోబెట్టి అయిదు నిమిషాల్లో జెల్లీ రాసి తుడిచేస్తే లీకు సరిగ్గా దొరకదు, సిర సైజు కూడా ఉన్నదానికన్నా చిన్నగా కనిపిస్తుంది. స్కాన్ చేసేవాళ్లు పిక్కను పిండి వదులుతారు. వదిలాక రక్తం అర సెకను కంటే ఎక్కువసేపు వెనక్కి పారితే ఆ సిర లీకవుతున్నట్టు లెక్క. రిపోర్టులో మూడు సంగతులు ఉన్నాయో లేదో చూడండి: ఏ సిర ఎక్కడి నుంచి ఎక్కడి దాకా లీకవుతోంది, దాని వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లు, కండరాల మధ్య ఉండే లోతు సిరలు బాగున్నాయా లేదా. చివరిది లేని రిపోర్టు పట్టుకొచ్చి ఆపరేషన్ చేయమంటే నేను చేయను. లోతు సిరలో పాత గడ్డ అడ్డుపడి ఉంటే, పైన ఉబ్బిన సిరే రక్తానికి దారి కావచ్చు. దాన్ని మూసేస్తే కాలు ఇంకా వాస్తుంది.

చిక్‌పేటలో చీరల కొట్టులో పనిచేసే హిందూపురం అతను ఒకాయన నా దగ్గరికి వచ్చాడు. అంతకు ఏడాది ముందు వేరేచోట తొడ సిరకు లేజర్ చేయించుకున్నాడు. పిక్క మీది ఉబ్బు మాత్రం చెక్కుచెదరలేదు. నిలబెట్టి స్కాన్ చేస్తే తొడలో సిర చక్కగా మూసుకుపోయి ఉంది, పని బాగానే చేశారు. కానీ అసలు లీకు మోకాలి మడతలో మొదలై పిక్క వెనక నుంచి దిగే చిన్న సఫీనస్ సిరది. దాన్ని ముందు ఎవరూ చూడనే లేదు. ‘లేజర్ ఫెయిలైంది డాక్టరుగారూ’ అని వచ్చాడు. లేజర్ ఫెయిలవలేదు, స్కాన్ ఫెయిలైంది.

రిపోర్టులో మీకు జీఎస్‌వీ, ఎస్ఎస్‌వీ, ఎస్ఎఫ్‌జే అని పొట్టి పేర్లు కనిపిస్తాయి. జీఎస్‌వీ అంటే చీలమండ లోపలి వైపు నుంచి గజ్జ దాకా వెళ్లే పెద్ద సఫీనస్ సిర. ఎస్ఎస్‌వీ ఇప్పుడు చెప్పిన పిక్క వెనక సిర. ఎస్ఎఫ్‌జే అంటే గజ్జలో పెద్ద సఫీనస్ లోతు సిరతో కలిసే చోటు. అక్కడ ‘ఇన్‌కాంపిటెంట్’ అని రాసి ఉంటే కవాటం పనిచేయట్లేదని అర్థం.

ఇప్పుడు పద్ధతులకు వద్దాం. వేడితో మూసేవి ఆర్ఎఫ్ఏ, లేజర్. రెండింట్లోనూ మోకాలి దగ్గర సూది రంధ్రంలోంచి సన్నని తీగ లాంటిది సిరలోకి ఎక్కించి, స్కాన్‌లో చూసుకుంటూ గజ్జ దాకా తీసుకెళ్తాం. కొసను ఎస్ఎఫ్‌జేకి దాదాపు 2 సెంటీమీటర్ల కిందే ఆపుతాం. తర్వాత సిర పొడవునా దాని చుట్టూ మత్తు మందు కలిపిన చల్లని సెలైన్ ఎక్కిస్తాం. దీని పేరు ట్యూమసెంట్. రోగికి కాస్త ఇబ్బంది అనిపించేది ఈ సూదుల దగ్గరే. కానీ ప్రాణం దీనిలోనే ఉంది. ఇది సిరను పిండి తీగకు అతుక్కునేలా చేస్తుంది, వేడి చర్మానికీ పక్కనున్న నెర్వ్‌కూ తగలకుండా అడ్డుపడుతుంది. ఇది సరిగ్గా ఎక్కించిన వాళ్ల చేతిలో ఏ మిషనైనా మంచిదే.

ఆర్ఎఫ్ఏలో తీగ కొస 7 సెంటీమీటర్ల మేర 120 డిగ్రీలకు వేడెక్కుతుంది. ఒక్కోచోట 20 సెకన్లు, తర్వాత కిందికి జరిపి మళ్లీ 20 సెకన్లు. గజ్జ దగ్గర మాత్రం రెండుసార్లు. ఎంత వేడి, ఎంతసేపు అన్నది మిషనే చూసుకుంటుంది కాబట్టి చేసేవాళ్ల తేడా కొంచెం తక్కువ. లేజర్‌లో ఫైబర్‌ను నెమ్మదిగా వెనక్కి లాగుతూ పోవాలి. ఆ వేగం చేతి అలవాటు. మొదట్లో వచ్చిన 810, 980 నానోమీటర్ (ఈ అంకె లేజర్ కాంతి తరంగదైర్ఘ్యం) లేజర్లకు మొండి ఫైబర్ కొస ఉండేది. అది సిర గోడకు అక్కడక్కడా చిల్లులు పెట్టేది, వారం పది రోజులు తొడంతా కమిలి నొప్పి ఉండేది. లేజర్ అంటే నొప్పి అనే పేరు అప్పటిదే. ఇప్పటి 1470 లేజర్ వేడిని సిర గోడలోని నీరు ఎక్కువగా పీల్చుకుంటుంది. రేడియల్ ఫైబర్ దాన్ని చుట్టూ సమంగా పంచుతుంది. ఆ తేడా చాలావరకు పోయింది. నా దగ్గర ఒక టీచరమ్మకు కుడి కాలికి లేజర్, నాలుగేళ్ల తర్వాత ఎడమ కాలికి ఆర్ఎఫ్ఏ చేశాను. ఏది నయమమ్మా అంటే, ‘రెండోసారి నాకు భయం తక్కువ సార్, అందుకేనేమో అదే నయం’ అంది.

కాబట్టి ఆసుపత్రివాళ్లు ‘మాది లేజర్, పక్కవాళ్లది పాత టెక్నాలజీ’ అంటే నమ్మకండి. అటువైపు నుంచి ఇదే మాట అన్నా నమ్మకండి. అవుటర్ రింగ్ రోడ్డు హోర్డింగుల మీద రాసే ‘నొప్పి లేదు, కోత లేదు, 20 నిమిషాలు’ అన్నది రెండింటికీ వర్తిస్తుంది, రెండింటికీ పూర్తి నిజం కాదు.

వీటిలో ఇబ్బందులు ఏమిటంటే, తొడ లోపల తాడు లాగినట్టు బిగుతుగా ఒకట్రెండు వారాలు ఉంటుంది. మోకాలి కింద సిర పక్కనే చర్మానికి స్పర్శ ఇచ్చే నెర్వ్ వెళ్తుంది. అక్కడిదాకా కాల్చితే చీలమండ లోపలి వైపు తిమ్మిరి రావచ్చు. అందుకే నేను సాధారణంగా మోకాలి కాస్త కిందనే ఆపేస్తాను. అరుదుగా మూసిన సిరలోని గడ్డ గజ్జ దగ్గర లోతు సిరలోకి తొంగిచూస్తుంది. దాన్ని పట్టుకోవడానికే వారంలోపు మరోసారి స్కాన్. ఈ రెండో స్కాన్ ప్యాకేజీలో ఉందా లేదా అని ముందే అడగండి. లేదంటే ‘అంతా బాగుంది కదా’ అని చాలామంది రారు.

గ్లూ. ఇది సయనోఅక్రిలేట్. మన ఇంట్లో ఫెవిక్విక్ ఏ కుటుంబానిదో ఇదీ ఆ కుటుంబానిదే, కాకపోతే ఒంట్లో పెట్టడానికి వేరుగా తయారుచేసింది. చుక్క చుక్కగా సిరలోకి వదిలి పైనుంచి నొక్కితే గోడలు అతుక్కుపోతాయి. వేడి లేదు కాబట్టి ట్యూమసెంట్ సూదులు అక్కర్లేదు. నెర్వ్ కాలే భయం లేదు. తర్వాత కాలిని నొక్కిపట్టే బిగుతు సాక్సు కూడా తప్పనిసరి కాదు. అమెరికాలో 2015లో అనుమతి వచ్చింది. దానికి ముందు అక్కడ 222 మందిని గ్లూ, ఆర్ఎఫ్ఏలుగా పంచి పోల్చిన పరీక్షలో 3 నెలలకు గ్లూలో 99 శాతం, ఆర్ఎఫ్ఏలో 96 శాతం సిరలు మూసుకుని ఉన్నాయి. అంటే పనితనంలో దానికేం లోటు లేదు.

మరి నేనెందుకు వెనకాడతాను? గ్లూ ఒంట్లోనే ఉండిపోతుంది. కొందరి ఒంటికి అది పడదు. వైట్‌ఫీల్డ్ నుంచి వచ్చిన కుర్రాడొకడు, సూదులంటే చచ్చేంత భయం, గ్లూనే కావాలని పట్టుబట్టాడు. చేశాను. సిర బ్రహ్మాండంగా మూసుకుంది. ఎనిమిదో రోజున తొడ లోపల సిర దారంతా ఎర్రగా వేడెక్కి దురదతో వచ్చాడు. ఇన్‌ఫెక్షన్ కాదు, ఒళ్లు గ్లూను తిప్పికొట్టడం. అలర్జీ మాత్రలు, నొప్పి మాత్రలతో రెండు వారాల్లో తగ్గింది. ఎక్కువమందికి ఇలాగే తగ్గిపోతుంది. కానీ అరుదుగా ఎవరికైనా తగ్గకపోతే, వేడితో మూసిన సిరలా అది కాలంతో కరిగి కలిసిపోదు, కోసి తీయాల్సి వస్తుంది. జిగురు పదార్థాలకు, కృత్రిమ గోళ్ల జిగురుకు, కనురెప్పల జిగురుకు అలర్జీ వచ్చినవాళ్లకు నేను గ్లూ పెట్టను. మోకాలి కింద చీలమండ దాకా మూయాల్సినవాళ్లకు, సూదుల మత్తు భరించలేని ముసలివాళ్లకు గ్లూ నాకూ ఇష్టమే. మీ అమ్మగారిది ఆ కోవ కాదు. పైగా ఆ గ్లూ సెట్టు ఖరీదే ఈ పద్ధతులన్నిటిలోకీ ఎక్కువ. రెండు కాళ్లకైతే చెప్పనక్కర్లేదు.

ఫోమ్ ఇంజెక్షన్, అంటే మీ మామయ్య చెప్పింది. మందును గాలితో కలిపి రెండు సిరంజీల మధ్య అటూ ఇటూ కొడితే షేవింగ్ నురుగులా అవుతుంది. దాన్ని స్కాన్‌లో చూస్తూ సిరలోకి ఎక్కిస్తాం. సిర లోపలి పొర దెబ్బతిని మూసుకుంటుంది. చవక, థియేటర్ అక్కర్లేదు, కాబట్టి మామయ్య మాటను కొట్టిపారేయకండి. చిక్కల్లా మూసుకున్న సిర మళ్లీ తెరుచుకోవడం. డెన్మార్క్‌లో 500 మందిని లేజర్, ఆర్ఎఫ్ఏ, ఫోమ్, పాత ఆపరేషన్ అని నాలుగుగా పంచి చూశారు, 2011లో ఫలితాలు వచ్చాయి. ఏడాదికి ఫోమ్‌లో సుమారు 16 శాతం సిరలు తెరుచుకున్నాయి, మిగతా మూడింటిలో అది 5, 6 శాతం. బ్రిటన్‌లో దాదాపు 800 మందిని అయిదేళ్లు గమనించి 2019లో చెప్పిందీ ఈ దిశలోనే ఉంది: కాలి సిరల ఇబ్బందుల విషయంలో లేజర్, ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు ఫోమ్ వాళ్లకన్నా సుఖంగా ఉన్నారు. సిర ఎంత వెడల్పైతే ఫోమ్ అంత బలహీనం. మరొకటి, మన చర్మపు రంగుకు ఫోమ్ చేసిన చోట గోధుమ రంగు మరక పడి నెలల తరబడి ఉంటుంది. కొందరికి ఏడాది దాటినా పోదు. పెళ్లి కావాల్సిన అమ్మాయిలకు ఈ మాట ముందే చెప్పకపోతే తర్వాత వాళ్ల అమ్మలు నన్ను వదలరు. మైగ్రేన్ ఉన్నవాళ్లకు చేశాక కాసేపు కళ్ల ముందు మెరుపులు, తలనొప్పి రావచ్చు. గుండెలో రంధ్రం ఉందని తెలిస్తే చేయం.

అయినా ఫోమ్ లేకుండా నా పని నడవదు. పావగడ దగ్గర పల్లె నుంచి 76 ఏళ్ల పెద్దాయన, చీలమండ లోపలి వైపు మూడేళ్లుగా మానని పుండుతో వచ్చాడు. గుండె బలహీనం, రక్తం పలచబడే మందు మీద ఉన్నాడు. పుండు చుట్టూ చర్మం చెక్కలా గట్టిపడింది. తీగ ఎక్కించడానికి సిర తిన్నగా కూడా లేదు. పుండు కింద ఉన్న సిరల్లోకి రెండు విడతలుగా ఫోమ్ ఎక్కించి, నాలుగు పొరల కట్టు కట్టాం. రెండున్నర నెలల్లో పుండు మూసుకుంది. అలాంటి కాలికి లేజర్ గొప్పది అని వాదించడం దండగ. పుండు సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. పుండు మానాక సిర సంగతి చూద్దాం అనేది పాత పద్ధతి. బ్రిటన్‌లో 450 మందితో చేసి 2018లో బయటపెట్టిన పరీక్షలో, కట్టుతోపాటు సిరను వెంటనే మూసినవాళ్లలో పుండు మానడానికి మధ్యస్థంగా 56 రోజులు పట్టింది, ఆగి చేసినవాళ్లలో 82. మీ చుట్టాల్లో పుండుతో తిరుగుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

తిరిగే తీగతో సిర లోపల గీరుతూ మందు వదిలే పద్ధతి ఇంకొకటుంది, మోకా అంటారు. వేడి లేదు, సూదుల మత్తు లేదు. నేను తక్కువ చేస్తాను, పెద్ద సిరల్లో అది వేడి పద్ధతులంత గట్టిగా నిలవదు.

పిక్క మీది మెలికల సంగతి. ‘లేజర్ చేయించాను, నరాలు అలాగే ఉన్నాయి’ అన్న ఫిర్యాదుకు మూలం ఇదే. తొడలోని ప్రధాన సిరను మూశాక కింది మెలికలు కొందరిలో వాటంతటవే కుంచించుకుపోతాయి, లావుగా ఉన్నవి పోవు. మెలికల్లోకి తిన్నని ఫైబర్ వెళ్లదు. వాటిని బియ్యపు గింజంత గాట్లు పెట్టి కొక్కెంతో లాగి తీసేస్తాం, ఫ్లెబెక్టమీ అంటారు. కుట్లు కూడా ఉండవు, చిన్న ప్లాస్టర్ చాలు. అదే రోజు చేసేయొచ్చు. నేను అమ్మగారికి అదే చెప్తాను, రెండోసారి పీజీ వంట ఆపుకుని రావడం ఆమెకు కష్టం. మీకు ఇచ్చిన మూడు ఎస్టిమేట్లలో ఇది కలిపారో లేదో చూడండి. చవగ్గా కనబడే ఎస్టిమేట్‌లో సాధారణంగా లేనిది ఇదే.

గజ్జలో కోసి సిరను లాగేసే పాత ఆపరేషన్‌ను ఎవరో తిట్టిపోసి ఉంటారు. అది చెడ్డ ఆపరేషన్ కాదు. పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో ఇప్పటికీ బాగా చేస్తారు, చేతిలో డబ్బు లేనివాళ్లకు మంచి దారి. వెన్నుకు మత్తు, రెండు మూడు వారాల విశ్రాంతి, కమిలిన తొడ, ఇవీ దాని ఇబ్బందులు. బ్రిటన్ జాతీయ మార్గదర్శకాలు 2013లో వేడి పద్ధతిని మొదటి మెట్టున, ఫోమ్‌ను రెండో మెట్టున, ఆపరేషన్‌ను మూడో మెట్టున పెట్టాయి. నేనూ చాలావరకు అదే దారిలో వెళ్తాను.

మళ్లీ వస్తాయా? మూసిన సిర తిరిగి తెరుచుకోవడం తక్కువ. కానీ మీ అమ్మగారి ఒంటి తత్వం మారదు, పని మారదు. అయిదేళ్లకో పదేళ్లకో ఇంకో కొమ్మ లీకవొచ్చు. అప్పుడు చిన్న ఫోమ్ ఇంజెక్షన్‌తో సరిపోతుంది చాలాసార్లు. ‘జీవితకాల గ్యారంటీ’ అని ఎవరైనా అంటే ఆ ఆసుపత్రి నుంచి లేచి వచ్చేయండి.

ఈ సందర్భంలో అందరూ అడిగే రెండు ప్రశ్నలు మీరు అడగలేదు, అయినా చెప్తాను. సిరను మూసేస్తే రక్తం ఎలా వెళ్తుంది? కాలి రక్తంలో దాదాపు పదింట తొమ్మిది వంతులు లోతు సిరల్లోంచే వెళ్తుంది. లీకయ్యే సిర మోసేదానికన్నా వెనక్కి వదిలేదే ఎక్కువ. రేపు గుండె బైపాస్‌కు ఈ సిర కావాలంటే? ఇంతలా ఉబ్బి మెలికలు తిరిగిన సిర బైపాస్‌కు పెద్దగా పనికిరాదు. కుడి కాలిది ఉంది, ఛాతీలోని ధమని ఉంది. అయితే కుడి కాలి సిర బాగుంటే దాన్ని ముట్టుకోవద్దని చెప్పండి. ‘రెండూ ఒకేసారి చేసేస్తే ప్యాకేజీ తక్కువ’ అనే మాటకు లొంగకండి.

షుగర్ ఉంది కాబట్టి రెండు జాగ్రత్తలు. పాదం మీద నాడి అందుతోందా అని చూడాలి, అనుమానంగా ఉంటే చేతిలోనూ చీలమండలోనూ బీపీ కొలిచి పోల్చాలి. ధమనుల్లో అడ్డు ఉంటే బిగుతు సాక్సు వేయకూడదు, పాదానికే ప్రమాదం. రెండోది, అమ్మగారికి అరికాళ్లలో మంట, సూదులు గుచ్చినట్టు ఉండటం, మోకాలి నొప్పి కూడా ఉంటే అవి సిరల వల్ల కాదు. మొదటిది షుగర్‌ది, రెండోది అరిగిన కీలుది. సిర చికిత్సతో అవి తగ్గవు. తగ్గేవి కాలి బరువు, సాయంత్రపు వాపు, దురద, రాత్రి పిక్క పట్టేయడం. ఇది ముందే చెప్పండి, లేకపోతే ‘ఇంత డబ్బు పోశాం, మోకాలి నొప్పి అలాగే ఉంది’ అంటారు. నల్లబడిన చర్మం కూడా పూర్తిగా తెల్లబడదు, ముదరకుండా ఆగుతుంది.

సిరల జబ్బుకు ఇచ్చే డయోస్మిన్ మాత్రలు కాలి బరువును, వాపును కొంత తగ్గిస్తాయి, సిరను బాగుచేయవు. మోకాలి దాకా ఉండే క్లాస్ 2 (బిగుతు స్థాయి) సాక్సు చికిత్సకు ముందు ఈ నెలా రెండు నెలలు పనికొస్తుంది, పొద్దున మంచం దిగకముందే వేసుకుంటేనే. వంటింటి వేడిలో అది నరకమని నాకు తెలుసు. మా అమ్మకే నేను వేయించలేకపోయాను.

ఇన్సూరెన్స్ ఉంటే ముందు పాలసీ తీసుకున్న తేదీ చూడండి. చాలా పాలసీల్లో ఉబ్బు సిరలకు మొదటి 2 ఏళ్లు వర్తించదు. వర్తించినా, అందం కోసం చేయించుకుంటున్నారని తిరగ్గొట్టకుండా చర్మం నల్లబడిన ఫొటో, అర సెకను దాటిన లీకు ఉన్న స్కాన్ రిపోర్టు ఫైల్లో పెట్టించండి.

ఈలోగా ఒక్కటి గుర్తుపెట్టుకోండి. చర్మం పలచబడ్డ చోట గీరుకుంటే ఉబ్బు సిర చిట్లి రక్తం పిచికారీలా కొడుతుంది. చూస్తే గుండె ఆగిపోతుంది, కానీ ఆపడం తేలిక. అమ్మగారిని వెంటనే పడుకోబెట్టి, కాలు గోడకు ఆనించి పైకెత్తి, రక్తం వచ్చే చోట గుడ్డతో పది నిమిషాలు గట్టిగా నొక్కి పట్టండి. పైన తాడు కట్టకండి. కుర్చీలో కూర్చోబెట్టి బాత్రూమ్‌కి తీసుకెళ్లి కడగబోయి బకెట్ నిండేలా రక్తం పోగొట్టుకున్నవాళ్లను చూశాను.

ఎన్నాళ్లకు పొయ్యి దగ్గరికి అంటే: చేసిన రోజే గంటలో నడిపిస్తాం, సాయంత్రానికి ఇంటికి పంపుతాం. మర్నాటి నుంచి ఇంట్లో మామూలుగా తిరగాలి, మంచాన పడుకోకూడదు. పీజీ వంటకు నేనైతే వారం ఆగమంటాను. రెండో వారం ఒక పూట వంటే చేయమనండి, కూరలు తరగడం కూర్చుని చేయొచ్చు. పొయ్యి పక్కన అడుగు ఎత్తున ముక్కాలి పీట పెట్టి, ఒక కాలు మార్చి ఒక కాలు దాని మీద పెట్టుకోమనండి, అరగంటకోసారి మడమలు పదిహేనుసార్లు పైకీ కిందికీ ఆడించమనండి. పిక్క మోటారు తిరగడానికి అంతకన్నా సులువైన దారి లేదు. కనిగిరికి రాత్రి బస్సు ప్రయాణాలు రెండు వారాలు వద్దు. ఆలోగా పిక్క ఒక్కసారిగా గట్టిపడి వాచినా, ఆయాసం వచ్చినా ఫోన్ చేసి కూర్చోకుండా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

మీరు రాసినదాన్ని బట్టి మూడు చోట్లా స్కాన్ పడుకోబెట్టే చేసినట్టున్నారు. నిలబెట్టి ఇంకోసారి చేయించి, పేరూ ఫోన్ నంబరూ కనబడకుండా రిపోర్టు ఫొటో ఇక్కడే పెట్టండి, చూసి చెప్తాను.